రామకృష్ణుని పిల్లి

తెనాలి రామకృష్ణుని పిల్లికథ నెఱుగని తెలుగువారు లేరు. పట్టణమున ఎలుకల బాధ మాన్పుటకై రాయలవారు ఇంటింటికి ఒక పిల్లిని, దాని పాలకై ఒక ఆవును ఇప్పించిరట. ఎల్లవారును తమ పిల్లులను పాలతో బలిపించుచుండగా, రామకృష్ణుడు మొదటినాడే సలసల క్రాగు పాలు తెచ్చి పిల్లిముందు పెట్టెను. అది ఆత్రముతో మూతి ముంచి, కాలి, అఱచుచు పాఱిపోయెను. అటుపిమ్మట పాలగిన్నె కంటబడినంతనే అది పరుగు తీయుచుండెను. ఆవుపాలు రామకృష్ణుని యింటివారే త్రాగిరి. పిల్లులను పరీక్షించునాడు బక్కచిక్కిన ఆ జంతువును జూచి రాయలు కోపింపగా, "మహాప్రభూ, ఇది పాలు ముట్టదు, నన్నేమి చేయమందురు?" అని అతడు సభలోనే గిన్నెడు పాలు తెప్పించి దాని యెదుట పెట్టించెను. పిల్లి తోక యెత్తి పాఱిపోయెను. సభ గొల్లున నవ్వెను.

ఏటేట ఈ కథను నేను ఎనిమిదవ తరగతి పిల్లలకు చెప్పుచుందును. వారును నవ్వుదురు. ఒక యేడు మాత్రము వెనుకబల్లమీది పిల్లవాడొకడు నవ్వక, "సార్, సభలో పెట్టిన పాలు చల్లగానే ఉన్నాయి కదా, ఆ సంగతి పిల్లికి తెలియదా?" అని యడిగెను. నేను నోరు విప్పకమున్నే ప్రక్కవాడు, "తాగితే కదరా తెలిసేది" అనెను. వారిరువురును తరువాతి పాఠమునకు పోయిరి గాని, నేను పోలేకపోతిని. మానసికశాస్త్రజ్ఞులు ఇరువదియవ శతాబ్దమున దశాబ్దములపాటు తర్కించిన ప్రశ్నయు, దాని జవాబులో పెద్దభాగమును ఆ రెండు మాటలలో నున్నవి. ఆ తర్కము మా యింటిలోని యొక సంగతితో చేరి చాలకాలముగా నన్ను వెంటాడుచున్నది. కావున దానిని చదువరుల ముందుంచుచున్నాను.

రష్యాదేశపు పావ్‌లోవు పండితుని కుక్కల మాట చాలమంది వినియే యుందురు. ఏదేని యొక ధ్వని వినిపించి వెంటనే ఆహారము పెట్టుచుండగా, కొన్నాళ్ళకు ఆ ధ్వని వినినంతనే కుక్కకు నోరూరజొచ్చెను. అచ్చట కుక్క చేయవలసిన దేమియు లేదు. నోరూరినను ఊరకున్నను ఆహారము వచ్చును. కీడు విషయమున సంగతి వేఱు. ముందుగా తెలిసినచో తప్పించుకొనవచ్చును. ఈ భేదమును తేటపఱచినది 1938లో బ్రాగ్డెను, లిప్‌మను, కల్లరు అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులు గినీపందులతో చేసిన ప్రయోగము. జంతువును తిరుగుడు చక్రములో నుంచి, ముందొక ధ్వని వినిపించి, పిదప విద్యుదాఘాతము కలిగించిరి. ఒక గుంపులోని వానికి పరుగెత్తినను పరుగెత్తకున్నను ఆఘాతము తప్పదు. రెండవ గుంపులోనివి ధ్వని వినగానే పరుగెత్తి చక్రమును త్రిప్పినచో ఆఘాతము రాదు. ధ్వనికిని నొప్పికిని ఎడతెగని పొత్తు గలది మొదటి గుంపునకే గనుక, పావ్‌లోవు మార్గము చొప్పున అదియే ముందుగా నేర్వవలెను. జరిగినది విపరీతము. రెండవ గుంపు త్వరలోనే ఇంచుమించు ప్రతిమారును పరుగెత్త నేర్చెను, మొదటిది వెనుకబడిపోయెను. ఏమి చేసినను తప్పని దెబ్బ పరుగును నేర్పదన్నమాట.

అయిన నిచ్చట నొక చిక్కు గలదు. ఆకలిగొన్న ఎలుక మీట నొక్కినచో గింజ దొరకును. దొరకిన గింజ మఱల మీటను నొక్కించును. ఇందు తెలియని దేమియు లేదు. పరుగెత్తిన గినీపందికి దొరకిన దేమి? ఏమియు లేదు. ఏమియు జరుగకపోవుటయే దాని లాభము. జరుగని సంగతి జంతువున కెట్లు బోధ చేయును? అభావమును ఏడవ పదార్థముగా నంగీకరించిన మన తార్కికులకు ఈ ప్రశ్న యంత కఠినముగా తోచియుండదేమో గాని, కంటికి కనబడు చేష్టను తప్ప మఱి దేనిని నమ్మని ఆనాటి అమెరికా పండితులకు ఇది కంటిలో నలుసైనది. 1947లో మౌరరు అను నాయన ఒక సమాధానము చెప్పెను. సంకేతము మొదట భయమును పుట్టించును. పరుగెత్తగానే సంకేతము ఆగి భయము దిగును. ఆ ఉపశమనమే బహుమానము. అనగా జంతువు తప్పించుకొనుచున్నది నొప్పిని కాదు, తన భయమునే.

ఈ సమాధానము నిజమైనచో మఱియొకటి జరుగవలెను. నొప్పి కలుగుట మానిన పిమ్మట సంకేతము వట్టిదై, భయము నానాటికి సన్నగిలి, తుదకు పరుగు నిలిచిపోవలెను. 1953లో రిచర్డు సాలమనును ఆయన సహచరులును హార్వర్డు విశ్వవిద్యాలయమున కుక్కలతో చేసిన ప్రయోగములలో అట్లు జరుగలేదు. రెండు గదుల పెట్టె, నడుమ కుక్క దుమికి దాటదగినంత అడ్డుగోడ, నేల ఇనుపకమ్ములది. కుక్క యున్నవైపు దీపము ఆఱును. పది సెకండ్లలో అవతలికి దుమికినచో సరి. లేనిచో కమ్ములలో తీవ్రమైన కరెంటు ప్రవహించును. కుక్కలు కొలది దెబ్బలతోనే నేర్చినవి. పిదప కరెంటును బొత్తిగా నాపివేసిరి. అయినను దీపము ఆఱినప్పుడెల్ల ఆ కుక్కలు దుముకుచునే యుండినవి. పదిమార్లు కాదు, ఇరువదిమార్లు కాదు, కొన్ని వందల మార్లు దుమికినవి. అంతకంటె వింత యేమన, మొదట వణకుచు మూల్గుచు దుమికినవి, రానురాను ఏమియు పట్టనట్లు, గుమాస్తా కాగితముపై ముద్ర వేసినంత నిబ్బరముగా దుముకజొచ్చినవి. భయము తగ్గినను పని తగ్గలేదు. 1963లో కేమిను, బ్రైమరు, బ్లాకు అనువారు ఎలుకలయందును ఇట్టిదే కనుగొనిరి.

ఆ కుక్కల బాధను తలచినచో మనసు కలుక్కుమనును. అట్టి ప్రయోగములకు నేడు అనుమతి దొరకుట దుర్లభము. కాని జరిగినది జరిగినది. దానివలన తెలిసినదానిని మనము తెలిసికొనకుండుట ఆ కుక్కలకు చేయు ఉపకారము కాదు.

భయము లేకున్నను దుముకుట యెందులకు? 1973లో సెలిగ్మను, జాన్‌స్టను అనువారు చెప్పిన వివరణము నాకు మిక్కిలి యుక్తముగా తోచినది. జంతువు మనసులో రెండు లెక్కలున్నవి. దుమికినచో దెబ్బ లేదు అనునది మొదటిది. దుముకనిచో దెబ్బ కలదు అనునది రెండవది. దుమికిన ప్రతిమారును మొదటి లెక్క నిజమగును. రెండవది అబద్ధమై ఎన్నాళ్ళయినను, దానిని పరీక్షించు తరుణమే రాదు. మా వెనుకబల్ల పండితుడు చెప్పినట్లు, త్రాగినగదా తెలియును.

సంస్కృతము చదివినవారికి ఇచ్చట రజ్జుసర్పదృష్టాంతము జ్ఞప్తికి వచ్చును. మసకవెలుతురులో త్రాడును జూచి పామని భ్రమించినవాడు దీపము తెచ్చి చూచినంతనే భ్రాంతి తొలగునని వేదాంతులు చెప్పుదురు. దీపము తెచ్చువా డెవడని మాత్రము నాకు పాఠము చెప్పిన పెద్దలు ప్రస్తావింపగా నేను వినలేదు. పామని నిజముగా నమ్మినవాడు దీపమునకై పోడు. చుట్టు తిరిగి వేఱు వీధిని పోవును. మఱునాడును అట్లే పోవును. ఇన్నాళ్ళు ఆ దారిని పోలేదు గనుకనే బ్రతికితినని ఇంటిలో చెప్పుకొనును. త్రాడు అచ్చటనే పడియుండును.

సాలమను బృందమువారు కుక్కలచేత ఈ దుముకును మాన్పుటకు రెండు ఉపాయములు చేసిరి. అడ్డుగోడపై గాజుపలక నిలిపి దుముకనీయకుండుట ఒకటి. అవతలివైపు నేలలోనే కరెంటు పెట్టి, దుమికిన కుక్కను శిక్షించుట రెండవది. శిక్ష ననుభవించిన కుక్కలలో పెక్కింటికి బుద్ధి రాలేదు సరికదా, మఱింత వడిగా, మఱింత బలముగా దుమికినవి. అవతల దెబ్బ తగులునని యెఱిగి, ముందుగానే అఱచుచు దుమికినవియు కలవు. గాజుపలక కొన్నిటికి మేలు చేసెను, కొన్నిటికి చేయలేదు. 1966లో బామ్ అను నాతడు ఎలుకలను తప్పించుకొననీయక ఆ చోటనే కొంతసేపు నిలిపియుంచగా, ఏ దెబ్బయు రాకుండుటను అనుభవించి అవి పాతయలవాటును త్వరగా విడిచినవి. ఆ యేటనే లండనులో విక్టరు మేయరు అను మానసికశాస్త్రజ్ఞుడు, ఏదో కీడు శంకించి ఒకే క్రియను మాటిమాటికి చేయకుండ నుండలేని రోగులను, ఆ క్రియ చేయనీయక, భయము పుట్టించు చోటనే తోడుండి నిలిపి నయముచేసిన విధమును ప్రకటించెను. ఇట్టి బాధలకు నేడు వైద్యులు చేయు ముఖ్యచికిత్సలలో నిది యొకటి.

ఇది చదివిన పిమ్మట నా తరగతి నాకు వేఱుగా కనబడజొచ్చెను. ఇంగ్లీషు పాఠమున నోరు విప్పని పిల్లలు ప్రతి బడిలోను ఉందురు. ఎన్నడో ఒకనాడు "ఇస్కూల్" అని పలికి నవ్వులపాలైన బాలిక, అటుపిమ్మట ప్రశ్న వినబడినంతనే తల వంచును. తల వంచిననాడు ఎవరును నవ్వరు; ఆమె లెక్క నిజమైనది. అట్టిదానిని నిలువబెట్టి, "నోట్లో ముత్యాలున్నాయా?" అని గద్దించు ఉపాధ్యాయుడు అవతలివైపు నేలలో కరెంటు పెట్టుచున్నాడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. చాల బడులలో బెత్తము పోయినది. నవ్వు ఇంకను పోలేదు.

భయము వట్టి మూఢత్వమని చెప్పుట నా యుద్దేశము కాదు. పులి తిరుగు మన అడవులలో చెట్టుపై కొండముచ్చు కూసినచో క్రింద మేయు దుప్పి తల యెత్తును. దుప్పి పులిని చూడలేదు, కూతను నమ్మినది. కెన్యాదేశమున అంబోసెలియందు వెర్వెట్టు కోతులను పరిశీలించి సైఫర్తు, చెనీ, మార్లరు అను శాస్త్రజ్ఞులు 1980లో ప్రకటించిన సంగతి ఇంకను ముచ్చటైనది. ఆ కోతులకు చిఱుతకు ఒక కూత, గ్రద్దకు ఒకటి, పామునకు ఒకటి గలవు. మొదటిది వినినచో చెట్టెక్కును. రెండవది వినినచో ఆకాశమువైపు చూచును. మూడవది వినినచో వెనుకకాళ్ళపై నిలిచి గడ్డిలో వెదకును. పసికూనలు మాత్రము అపాయము లేని పక్షులను, తుదకు రాలుచున్న ఆకును జూచియు గ్రద్దకూత కూయును. పెరిగినకొలది అది నిజమైన గ్రద్దలకే పరిమితమగును.

ప్రకృతి జంతువుల నిట్లు చేయుటలో లెక్క తప్పలేదు. దుప్పి నూఱుమార్లు ఊరక పరుగెత్తినచో పోవునది నాలుగు పరకల గడ్డి. ఒక్కమారు పరుగెత్తకున్న పోవునది ప్రాణము.

ఈ లెక్కనే మా మేనత్త నాకు చెప్పినది, దుప్పుల ప్రసక్తి లేకుండ.

ఆమె 32వ యేట భర్తను గోలుపోయి మా యింటికి వచ్చినది. ఇప్పుడు 74 ఏండ్లు. ఇంటినుండి ఎవరైన పెండ్లికి గాని, పరీక్షకు గాని, ఉద్యోగమునకు గాని బయలుదేరు సమయమున ఆమె పెరటి వసారాలోనికి పోయి కూర్చుండును. పొమ్మని ఎవరును చెప్పరు. గుమ్మములో చెప్పులు తొడుగుకొను చప్పుడు వినబడినంతనే చేతిలోని పని విడిచి లేచును. ఆ చప్పుడే ఆమెకు దీపము ఆఱుట. సాలమను కుక్కలవలెనే ఆమె ముఖమున భయము గాని దుఃఖము గాని కానరాదు. చిక్కుడుకాయలు ఈనెలు తీయుచున్నదైన ఆ చేటను కూడ వెంట తీసికొని పోవును.

నే నొకనాడు, "అత్తయ్యా, నువ్వు ఎదురొస్తే కీడని ఎవరు చెప్పారు?" అంటిని.

"ఒకరు చెప్పాలా? ఈ ఇంట్లో ఇన్ని పెళ్ళిళ్ళయ్యాయి, ఇన్ని పరీక్షలయ్యాయి. అన్నీ చల్లగా జరిగాయా లేదా?"

"జరిగాయి."

"నేను పక్కకు తప్పుకున్నాను గనకే జరిగాయి."

"ఒక్కసారి తప్పుకోకుండా ఉండి చూడరాదూ?"

"చూసి? ఏదన్నా అయితే నువ్వు తీర్చగలవా? వందసార్లు వసారాలో కూర్చుంటే నాకు పోయేదేముంది నాయనా, పది నిమిషాలు. ఒక్కసారి కూర్చోకపోతే పోయేది పిల్లల బతుకు."

బి.ఎడ్. పట్టము గాని, తర్కసంగ్రహము గాని నాకు ఆ క్షణమున అక్కఱకు రాలేదు. ఆమె వాదమున తప్పు పట్టుటకు వీలు లేదు. అడవిలో నైన అది నిలుచును. తరువాత ఆలోచింపగా రెండు సంగతులు తోచినవి. అడవిలో పులి యున్నది. అచ్చట పసికూన రాలుటాకును జూచి కూసినచో పెద్దవి ఆ కూతను అందుకొనవు. మా యింటిలో, మా వీధిలో, తరతరములుగా పెద్దలందఱును ఆకును జూచి పసివారితో కలిసి కూసినారు. రెండవది, పోయినది పది నిమిషములని ఆమె చెప్పినది సరికాదు. ఈ నలువది రెండేండ్లలో ఆమె ఒక మంగళసూత్రధారణము కన్నులార చూడలేదు. నా పెండ్లినాడు ఆ ముహూర్తమున ఆమె వంటవారికి బియ్యము కొలిచి యిచ్చుచుండెనట.

వీరేశలింగముపంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. శాస్త్రములతోను ఊరివారితోను పోరాడి వారు తెఱచిన వాకిలి పెద్దది. కాని ఎవరును మూయకున్నను తనంతట తాను వసారాలోనికి పోవు మనిషిని ఏ చట్టము, ఏ ఉపన్యాసము వెలుపలికి తేగలవు? నేను మాటలతో చెప్పగలిగినదంతయు చెప్పితిని. ఆమె రెండవ లెక్కను మాట తాకదు.

ఆ పని మా అమ్మాయి పూనుకొనినది. అది సాలమను పేరైన వినలేదు. ఇంటర్మీడియటు రెండవ సంవత్సరపు మొదటి పరీక్ష సంస్కృతము. మార్కులకొఱకే సంస్కృతము తీసికొనిన వేలకొలది పిల్లలలో అదియు నొకతె. ఆ విషయమున నేను మౌనము వహించుట మేలు. చెప్పుల చప్పుడు వినబడగానే మా అత్త లేచినది. అమ్మాయి చెప్పులతోనే వంటింటిలోనికి పోయి ఆమె చేయి పట్టుకొని, "మామ్మా, నువ్వు వాకిట్లోకి రాకపోతే నేను వెళ్ళను. తొమ్మిదింటికి పరీక్ష. ఇప్పుడు ఎనిమిదీ పది" అనెను. వంటింటిలో చెప్పులా యని ఆమె కసరినది. పిల్ల చేయి విడువలేదు. ఎనిమిది గంటల పదునైదు నిమిషములకు ఆమె కన్నులు మూసికొని వాకిట నిలువబడగా, పిల్ల ఆమె యెదుటనుండి నడచి ఆటో ఎక్కినది. మధ్యాహ్నము అది తిరిగివచ్చువఱకు ఆమె మంచినీళ్ళు ముట్టలేదు. వచ్చిన పిమ్మట ఎట్లు వ్రాసితివని అడుగలేదు. పిల్లను ఆపాదమస్తకము చూచి లోపలికి పోయినది.

ఎల్లుండి ఇంగ్లీషు పరీక్ష. చెప్పుల చప్పుడు కాగానే ఆమె మఱల లేచిపోయినది. మాసిపోయినదనుకొనిన భయము కొంత విశ్రాంతి తరువాత తిరిగి తలయెత్తునని పావ్‌లోవు కాలము నుండియు తెలిసినదే. పాతపాఠము చెఱిగిపోదు, దానిప్రక్క క్రొత్తపాఠము వ్రాయబడును. మఱల పిల్ల లోపలికి పోయి చేయి పట్టుకొనవలసి వచ్చెను.

మూడవనాడు గణితము. దారిలో ఆటో చక్రము పంక్చరైనది. వేఱొక ఆటో దొరకి, తొమ్మిదికి అయిదు నిమిషములున్నదనగా పిల్ల కేంద్రము చేరినది. ఇంటిలో ఈ మాట చెప్పవలదని నా భార్య సైగ చేసినది. పిల్ల వినలేదు, వచ్చీరాగానే తిన్నగా వసారాలోనికి పోయి చెప్పివేసినది.

"చూశావా?" అని మా అత్త ముఖము నల్లబడినది.

"చూశాను మామ్మా. పంక్చరయింది. పరీక్ష కూడా రాశాను."

నాలుగవనాడు ఆమె చెప్పుల చప్పుడు కూడ కాకమునుపే వసారాలో నుండెను. ఆనాడు చేయి విడిపించుకొనుటకు గట్టిగా పెనుగులాడినది. అయిదవనాడు అంతగా పెనుగులాడలేదు. ఆ దినములలో నేను చేసిన సాయ మేమియు లేదు. దినపత్రికను తలక్రిందుగా పట్టుకొని కూర్చుండుట తప్ప.

చివరిది రసాయనశాస్త్రము. ఆనాటి యుదయము అమ్మాయి సంచి సర్దుకొని, చెప్పులు తొడుగుకొని, లోపలికి పోబోయి ఆగినది. మా అత్త చిక్కుడుకాయల చేట చేతబట్టుకొని నడవలోనికి వచ్చియున్నది. ఒక కాలు గడప కీవల, ఒక కాలు గడప కావల. కన్నులు మూసికొనలేదు.

"హాల్‌టికెట్టు పెట్టుకున్నావుటే?" అని యడిగినది.

అమ్మాయి సంచి తెఱచి చూచుకొనినది.